రంగు మీద పిల్లి గోళ్ళు

అత్తయ్యగారికి, నేనిక్కడ బాగానే ఉన్నాను, దిగులు పడకండి.

నిన్న షెడ్డులో గండం గడిచింది. కొత్తగా రంగు వేసిన టాక్సీ మీదికి పిల్లి దూకి, బానెట్టు నిండా గోళ్ళ గీతలు పెట్టింది. ఆ బండే బతుకైన డ్రైవరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "మళ్ళీ మొదటికొచ్చింది, రంగంతా గీకేయాల్సిందే" అన్నాడు మేస్త్రీ. "గీతలు పైపైనే ఉన్నాయి, ఒక్కసారి నన్ను చూడనివ్వండి" అన్నాను. గాజులు తీసేసి, మీరు సర్ది ఇచ్చిన పాత నూలుచీర ముక్కలకు పాలిష్ అద్ది, ఇంకా పచ్చి రంగు కదా అని, పసిపిల్ల ఒంటికి నూనె రాసినట్టు సాయంత్రందాకా రుద్దాను. గీతలు మాయమయ్యాయి. డ్రైవరు ఆ మెరుపులో మొహం చూసుకుని, "నీ చెయ్యి చల్లగుండ, తల్లీ!" అన్నాడు. ఇకమీదట కొత్త రంగు బండ్లన్నీ నాకే అప్పగిస్తానన్నాడు మేస్త్రీ.

అలాంటి నూలుచీర ముక్కలు ఇంకొన్ని పంపండి. పాపకు దగ్గు తగ్గిందా? జడ వేయించుకుంటోందా, పేచీ పెడుతోందా? "కార్ల షెడ్డులో ఆడదానికేం పని" అని మామయ్యగారన్నప్పుడు, "వెళ్ళనివ్వండి, పాపను నేను చూసుకుంటా" అన్నారు మీరు. ఆ మాట పుణ్యమే ఇదంతా. ఆయనకు నా నమస్కారాలు చెప్పి, ఈ కార్డు కాస్త గట్టిగా చదివి వినిపించండి.

మీ కోడలు