నాగేందర్ చలాన్

2022 జూలై 4, పొద్దుగాల

నా పెండ్లాం బక్కమ్మ నా దువ్వెనతోని మేకపిల్లను దువ్వింది. నా తల మేక వాసనొస్తాంది. ఇదేందే అంటే, నీకంటె దానికే ఎంట్రుకలు ఎక్కువున్నయ్ అన్నది. ముసల్దానికి నోరు మస్తున్నది.

మాపటీలి

మనుమరాలు స్వర్ణను హాస్టల్‌ల దించొచ్చిన. ఐదో క్లాస్. గేటుకాడ కొత్త వాచ్‌మన్, నాగేందరట. పోలీస్ వెరిఫికేషన్ అయిందా అని వార్డెన్ మేడంను అడిగిన. కాలే తాతా, చలాన్ కట్టాలె అన్నది. అప్పుడే చలాన్ పడ్డదా, హెల్మెట్ పెట్టుకోలేదా బిడ్డా అన్న. మేడం నవ్వలే. గా చలాన్ కాదట. మనిషి మీద కేసులున్నయా లేవా చూసెటందుకు ఫీజట. సర్కార్ కట్టాల్నా, పనికి పంపిన ఏజెన్సీ కట్టాల్నా తేలుతలేదట. తేలేదాక గేటు ఆయనదే.

జూలై 17

స్వర్ణ ఇంటికొచ్చింది. నక్క లెక్క కూసిన. నవ్వలే.

జూలై 18

తానం పోస్తుంటే బక్కమ్మ చూసింది. ఈపు నిండ బెల్టు వాతలు. పక్క తడిపిందని నాగేందర్ కొట్టిండట. ఎవలకన్న చెప్తే మీ మేకపిల్లను కోస్త అన్నడట. పిచ్చిది, నమ్మింది. గందుకే చెప్పలే.

జూలై 19

ఠాణాల కంప్లైంట్ ఇచ్చిన. ఎస్సై కంప్యూటర్‌ల చూసిండు. వేరే మండలంల గిట్లనే ఒక పిలగాన్ని కొట్టిన కేసు ముందుగాలనే ఉన్నది వాని మీద. చూసుడుకు జరసేపు గూడ పట్టలే.

హాస్టళ్ల పెద్దాఫీసరొచ్చిండు. ముందుగాల ఎందుకు చూపియ్యలే సారూ అన్న. బడ్జెట్ రాలే పెద్దాయనా అన్నడు. గేటుకు రంగేసెటందుకు వచ్చింది గద సారూ అన్న. నవ్వులాటకు అనలే. ఆయన నవ్విండు.

జూలై 28

నాగేందర్‌కు బెయిలొచ్చింది. ఏజెన్సోళ్లు ఆలేరు దిక్కు ఒక ప్రైవేట్ బడి వ్యాన్ మీద పెట్టిండ్రట. సోమారం నుంచి డ్యూటీ. ఆడనన్న వెరిఫికేషన్ చేసిండ్రా అని మేడంను అడిగిన. బడి పేరొక్కటి చెప్పింది.

జూలై 30

తలుపు చప్పుడైతే స్వర్ణ మంచం కిందికి పోతాంది. నేనే బిడ్డా, తాతను అని పిలిచినా ఎల్తలేదు. నేను గూడ మంచం కింద పండుకున్న.

ఆగస్టు 1

మేడం ఫోన్ చేసింది. నాగేందర్‌ను వ్యాన్ ఎక్కనియ్యలేదట. ఎవలో ఎస్సై ఆ బడికి ఫోన్ చేసి దబాయించిండట.

గా ఎస్సై నేనే. గొంతు జర లావు చేసిన.