డబ్బా నిండా తడి ఇసుక

ముసునూరు, 3-5-1969

దోమల పరిశోధన ఆఫీసరు సదాశివరావు గారికి, మామిడితోట కౌలుదారు హైమవతి నమస్కారాలు.

మా కోతవాళ్లు పన్నెండు మందిలో అయిదుగురు చలిజ్వరంతో పడుకున్నారు. మిగతావాళ్లు మూటలు కట్టుకుంటున్నారు. చిన్నరసాలు కోతకొచ్చాయి. దోమల్ని చంపే పురుగులు పంపుతామన్నారు. మీ డబ్బా మూత తీస్తే తడి ఇసుక. ఇసుకకి మాకు కొదవలేదండీ.

ఇట్లు, హైమవతి

తా.క.: పురుగులు దారిలో దిగిపోయాయేమో, పోస్టాఫీసులో అడగండి.

8-5-1969

హైమవతి గారికి,

దిగిపోలేదు. ఇసుకలో కంటికి కనపడని పురుగు గుడ్లున్నాయి. దోమపిల్లలున్న గుంటలో చల్లండి. నీళ్లు తగిలితే పురుగులు పుట్టి, దోమపిల్లల్లోకి దూరి, వారంలో వాటిని చంపి బయటికొస్తాయి. మనుషులకు హాని లేదు.

భవదీయుడు, సదాశివరావు

తా.క.: సూచనల కాగితం డబ్బాలోనే ఉంది. ఇంగ్లీషులో.

12-5-1969

ఆఫీసరు గారికి,

ఆ కాగితంలో ఇన్నమ్మ వక్కలు పొట్లం కట్టుకుంది. కోతవాళ్లకి మంచినీళ్లిచ్చేది ఆవిడే. ఇసుకేదే అంటే, "తడి ఇసుక ఎవరైనా ఎందుకు పంపుతారండీ? ఎండల్లో కుండ కిందికే గదా!" అంది. కుండ కింద పోసి రోజూ నీళ్లు చల్లుతోంది. పురుగుల మాట చెవినపడి ఇద్దరు వెళ్లిపోయారు. గాలొస్తే కాయలన్నీ నేలపాలు.

హైమవతి

తా.క.: నీళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి.

15-5-1969

అమ్మా,

రెండేళ్ల పరిశోధనను కుండ కింద పెట్టారు! మేం ఇసుక పంపిన మిగతా పది తోటల్లో సూచనలు అక్షరాలా పాటించారు. 19న వస్తున్నాను. కోతవాళ్ల ఎదుట ఆ నీళ్లు నేనే తాగి చూపిస్తాను.

సదాశివరావు

తా.క.: కాచి ఉంచగలరు.

20-5-1969

ఆఫీసరు గారికి,

మీరు మూడో గ్లాసు అడిగేసరికి కోతవాళ్లు మూటలు విప్పారు. వెళ్లిన ఇద్దరూ తిరిగొచ్చి కాయలు కోసే చిక్కాలు పట్టుకున్నారు. కోత సాగుతోంది. మీరు కుండ పక్క గుంటలోంచి సీసాడు నీళ్లు ముంచుకెళ్లారు. ఎందుకో చెప్పనేలేదు.

హైమవతి

తా.క.: కాచలేదు. "కాస్తే చల్లగా ఎలా ఉంటాయండీ?" అంది ఇన్నమ్మ.

27-5-1969

హైమవతి గారికి,

కుండ కింది నీళ్లు ఇసుకలోంచి కారి ఆ గుంటలోకే చేరుతున్నాయి. సీసాలోని నూరు దోమపిల్లల్లో ఎనభైకి మా పురుగు పట్టింది. మిగతా పది తోటల్లో ఒక్కదానికీ పట్టలేదు. మా ఆఫీసు మనిషే వారం వారం వెళ్లి గుంటలన్నిటా కిరసనాయిలు పోసి, పురుగు పెరిగేలోపే దోమపిల్లల్ని చంపేస్తున్నాడు. మీ గుంటకి వస్తే, "తాగే నీళ్ల దగ్గర ఈ కంపేంటయ్యా?" అని ఇన్నమ్మ గారు తరిమేశారట. నా రిపోర్టుకి మిగిలింది ఆ గుంటొక్కటే. ఆవిడ రోజుకి ఎన్ని చెంబులు చల్లారో కనుక్కుని రాయండి.

విధేయుడు, సదాశివరావు

తా.క.: మూడు రోజులుగా నాకు చలిజ్వరం. మీ నీళ్ల వల్ల కాదు, మా ఆఫీసు వెనక గుంట వల్ల. కుండ కింది ఇసుక ఒక డబ్బాడు పంపగలరు.