కార్డు పట్టేంత సందు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు బాగుచేస్తుండిన ఆదోని పత్తి షావుకారు మోటారు సైకిలు మళ్లీ టకటకమంటోందని కబురొస్తే వెళ్లాను. ఇంజను చల్లారేదాకా, నీలాగే, గిడ్డంగిలో పత్తి మూటల మీద పడుకున్నాను. గాలిలో దూది తేలుతోంది. కునుకులో నీ మాట వినిపించింది:

“కార్డు పట్టేంత సందు ఇడువు రా. కాగినాక కడ్డీ సాగుతాది. సందు లేకుంటే దానికి ఊపిరాడదు.”

లేచి, ఎమ్మిగనూరు నుంచి నువ్వు రాసిన కార్డు అంచు కత్తిరించి, వాల్వు కడ్డీ కింద దూర్చి, మర తిప్పి సందు సరిచేశాను. టకటక ఆగింది.

“మీ అన్న సెయ్యే వచ్చిందప్పా నీకు,” అన్నాడు షావుకారు.

అన్నాలప్పుడు నాకూ నాయనకూ మధ్య అమ్మ నీ పీటంత చోటు వదిలే వడ్డిస్తోంది. జరగమని నాయన అనడు. నేనూ జరగను.