మంచాన పడితే డబ్బిచ్చే పాలసీ

12-5-2006, శుక్రవారం
ఎర్రగుంట్ల

సాయంత్రం ఏజెంటు వచ్చాడు. మనిషి మంచాన పడితే ఆయాను పెట్టుకోవడానికి నెలనెలా డబ్బిచ్చే పాలసీ అట. యాభై దాటితే కట్టాల్సింది పెరుగుతుందని, ఇప్పుడే తీసుకోమన్నాడు.

నేను ఫారం అందుకోగానే మా వాడికి కోపం వచ్చింది. "ఏంమా, మేము సచ్చినామా? ఊర్లో తెలిస్తే నా మొగాన ఉమ్మరా?" అన్నాడు.

కోడలు లక్ష్మి నవ్వుతూ నా చేతిలోని ఫారం తీసి పక్కన పెట్టింది. "నేనుండాను కదత్తా. నువ్వు జేజిని ఎట్ల సూసుకుంటివో, నేనూ నిన్ను అట్లే సూసుకుంటా."

"ఇట్లాంటి కోడళ్ళుంటే మా కంపెనీ మూసుకోవాల్సిందేనమ్మా" అని ఏజెంటు కూడా నవ్వాడు.



మా అత్త, అదే లక్ష్మి చెప్పిన జేజి, మంచాన ఉన్న మూడేళ్ళు నేను చేసిన సేవను బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. పక్క తడుపుతుందని పొద్దుగూకాక ఆమెకు నీళ్ళు ఇచ్చేదాన్ని కాదని ఎవరికీ తెలియదు. "గుక్కెడు నీళ్ళియ్యి పాపా" అని అడిగేది. "ఇప్పుడే తాగితివి కదత్తా" అని మెల్లగా చెప్పేదాన్ని. పాపం, నమ్మేది. నేను వెళ్ళి దేవుడి ముందు జపానికి కూర్చునేదాన్ని. ఇప్పుడు జపమాల పట్టుకుంటే ఆ గొంతే వినిపిస్తోంది.

రేపు సంతకం పెట్టి పంపాలనే ఉంది. లక్ష్మి నొచ్చుకుంటుంది. నా మీద నమ్మకం లేదా అత్తా అని అడుగుతుంది. జవాబు చెప్పాలంటే ఆ నీళ్ళ సంగతి చెప్పాలి...