మోళ్ళకు కంచె

రాయపూర్,
18 జూన్ 1951. పొద్దుటినుంచి ముసురు. ఇంటి పెంకులు సర్దాను.

ప్రియమైన చెల్లి గంగాభవానికి,

నీ ఉత్తరం అందింది. మీ క్వార్టర్ల వెనక కొండమీది గుగ్గిలం చెట్లన్నీ రైలు పట్టాల కింది స్లీపర్ల కోసం కొట్టేశారని, ఇంట్లోకి వెలుతురు వచ్చిందని రాశావు. వెలుతురు మంచిదే. మోళ్ళను మాత్రం తవ్వనివ్వకు. మన ఊరి కొండ జారిన సంగతి గుర్తుందా? చెట్లు కొట్టిన ఏడాది ఏమీ కాలేదు. లోపల వేళ్ళు కుళ్ళాక, నాలుగో వానాకాలంలో వచ్చి పడింది. మోడు పిలక వేస్తే వేరు బతికే ఉంటుంది, మట్టిని పట్టుకుంటుంది. మేకలు కొరక్కుండా ముళ్ళకంప వెయ్యి. గ్యాంగు మేస్త్రీ కాబట్టి పరదేశి బావ మాట అక్కడ చెల్లుతుంది. ఆయనకి చెప్పు. నేను కులాసా.

నీ అన్న,
నూకరాజు

ఘాట్ క్వార్టర్లు,
9 జూలై 1951

ప్రియమైన అన్నయ్యకు,

నీ గురించి ఒక్క ముక్క, మోళ్ళ గురించి పది ముక్కలు! ఏం వండుకుంటున్నావో రాయనేలేదు. మీ బావకు చదివి వినిపిస్తే పగలబడి నవ్వారు. "రాయపూర్లో చీమలపుట్టకి మించిన కొండుందేటి? మీ అన్న నాకు కొండ పాఠం చెప్తాడేటి!" అన్నారు. పక్కింటి బంగారమ్మయితే, "మోళ్ళకి కాపలా కాస్తన్నావా గంగమ్మా? మరి పొయ్యిలో ఏటెడతావు?" అంటోంది. ఇక్కడి ఆడవాళ్ళంతా మోళ్ళు తవ్వి ఎండేస్తున్నారు. బరసాతులో, ఈ వాన రోజుల్లో, వాటిని మించిన కట్టె లేదు, నిజమే. నేను మాత్రం మా ఇంటి వెనక ఒక్కటీ ముట్టుకోనివ్వలేదు. కంప వేశాను. తడిపుల్లలు ఊది ఊది కళ్ళు మండుతున్నాయి. ఆ పాపం నీదే.

నీ చెల్లెలు,
గంగ

ఘాట్ క్వార్టర్లు,
2 ఆగస్టు 1954

ప్రియమైన అన్నయ్యకు,

మా పిలకలు నా తల దాటాయి. బంగారమ్మ ఇంటి వెనక మాత్రం నేల గుల్లబారింది. ఎవరూ తవ్వని మోడొకటి కాలితో తంతే పొడైంది. కొండ పైన చెయ్యి పట్టేంత బీట వేసింది. మీ బావ మట్టితో పూడ్చారు. మళ్ళీ విచ్చుకుంది. ఇప్పుడాయన నవ్వడం లేదు. నిన్న అన్నం ముందు కూర్చుని, "మీ అన్న మాటే నిజమయ్యేలా ఉందే. రాయపూర్ యార్డుకి బదిలీ అడిగాను. వానలు తగ్గేదాకా ఛుట్టీ లేదంట, కదలనివ్వరంట" అన్నారు. మాకో గది చూడు. బంగారమ్మను మా ఇంటికి రమ్మంటే, "నా పొయ్యి వదిలి రాను" అంటోంది.

నీ గంగ

రాయపూర్,
10 ఆగస్టు 1954. ఎడతెగని వాన. గదికి సున్నం వేశాను.

ప్రియమైన చెల్లికి,

గది కుదిరింది. ఒక మంచానికి నులక అల్లడం అయింది. రెండోది మొదలుపెట్టాను. బావ రాలేకపోతే ముందు నువ్వు వచ్చేయి.

నీ అన్న

ఘాట్ క్వార్టర్లు,
29 ఆగస్టు 1954

అన్నయ్యా,

మా ఇల్లు నిలిచింది. కొండ బంగారమ్మ ఇంటి మీదికి వచ్చింది. మా పిలకల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఒక్క పెంకు కదల్లేదు.

మీ బావ ఇంట్లో లేరు. బీట పెద్దదైందని బంగారమ్మను తీసుకురావడానికి వెళ్ళారు. ఆవిణ్ణి రెక్క పట్టుకుని గుమ్మం దాటించారు. "నా మేక, నా మేక" అంటే, దాన్ని విప్పడానికి వెనక్కి తిరిగారు. మర్నాడు మట్టిలోంచి ఆయన్ని తీశారు.

బంగారమ్మ మా ఇంట్లోనే ఉంది. పొయ్యి దగ్గరకు రాదు.

గంగ

రాయపూర్,
2 సెప్టెంబరు 1954. ఎండ కాసింది. గది ఊడ్చాను.

ప్రియమైన చెల్లికి,

సెలవు దొరికింది. ఈ ఉత్తరం కంటే ముందు నేనే రావచ్చు. అయినా రాస్తున్నాను.

బంగారమ్మకు ఎవరూ లేకపోతే ఆవిణ్ణీ మనతో తీసుకొద్దాం. ఆవిణ్ణి ఏమీ అనకు. ఇంటి వెనక కంప తియ్యకు. రేపు ఆ ఇంట్లోకి ఇంకొకరు వస్తారు, వాళ్ళకు చెప్పి వద్దాం.

నీ మంచం సిద్ధంగా ఉంది. రెండోది సగం దాకా అల్లాను. నులక ఇంకా ఉంది. ఇవాళ దాన్ని బంగారమ్మ కోసం అల్లడం పూర్తి చేసి బయల్దేరతాను.

నీ అన్న