ఆర్పడం మాత్రమే తెలిసిన చెయ్యి

లుమెజ్జానే,
జనవరి 14

తమ్ముడు తుల్లియోకి,

అక్క ఆశీస్సులు. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నేను రెండు మాటలు అనేలోపు నిన్ను ఎవరో ఒకరు పిలుస్తారు. కాగితం మీద నన్ను ఆపేవాళ్లు లేరు.

క్రిస్మస్ సెలవుల్లో నువ్వు మీ కంపెనీ నించి తెచ్చి అమ్మ స్టవ్‌కి బిగించి వెళ్లిన మోటారు పనిచేస్తోంది. పోయిన గురువారం నేను ఫ్యాక్టరీలో వాల్వులు పరీక్షించే బల్ల దగ్గర ఉన్నాను. ఎడమ బర్నర్ నలభై నిమిషాలుగా మండుతోందని ఫోను మోగింది. అమ్మ కాఫీ పెట్టి, మర్చిపోయి, కోళ్లకి గింజలు వెయ్యడానికి వెళ్లింది. నువ్వు నేర్పినట్టే వేలితో ఒకసారి నొక్కాను. రెండు కిలోమీటర్ల అవతల నాబ్ దానంతటదే తిరిగి మంట ఆరిపోయింది. కాఫీ కుండ అడుగు మాడింది, ఇల్లు మిగిలింది. దేవుడికి దండం, తర్వాత నీకు.

కానీ నాకు ఒక భయం పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మోటారు సంగతి అమ్మకి చెప్పొద్దన్నావు. తనకి మతిమరుపని మనం అనుకుంటున్నట్టు తెలిస్తే చిన్నబుచ్చుకుంటుందన్నావు. సరేనన్నాను. ఆ సాయంత్రం నేను కోటు విప్పకముందే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమే ఎర్సీలియా, మీ నాన్న వస్తున్నాడే."

"ఎక్కడికమ్మా?"

"వంటింట్లోకి. పొయ్యి ఆర్పేస్తున్నాడు. బతికున్నన్నాళ్లూ ఇదే గోల కదా, వెనకనించి వచ్చి ఒక దగ్గు దగ్గి, గ్యాసు ఊరికే వస్తోందా పల్మీరా అని నాబ్ తిప్పేవాడు. పోయాక ఆ దగ్గు కూడా మానేశాడు మహానుభావుడు. చెప్పాపెట్టకుండా ఆర్పుతున్నాడు."

నవ్వుతూనే అంది. స్టవ్ మీద మాత్రం తీర్థం చల్లి ఉంది. ఇప్పుడు అమ్మ వంట చేసేటప్పుడు పొయ్యికి వీపు చూపించదు. ఉల్లిపాయ తరగాలన్నా గోడకి ఆనుకుని, నాబ్‌ల వైపు చూస్తూ తరుగుతుంది. ఎనభైనాలుగేళ్ల మనిషిని తన వంటింట్లోనే భయపెడుతున్నాను, అబద్ధం చెప్పి. ఆలోచించు.

మీ అక్క,
ఎర్సీలియా


లుమెజ్జానే,
ఫిబ్రవరి 4

తుల్లియో,

నిన్నటి సంగతి ఫోనులో సగమే చెప్పుకున్నాం. మిగతా సగం ఇది. పూర్తిగా చదువు.

నిన్న సెయింట్ బ్లేజ్ పండుగ కదా, పొద్దున్న సెలవు పెట్టి అమ్మని గుడికి తీసుకెళ్లాను. ఫాదర్ రెండు కొవ్వొత్తులు అడ్డంగా పట్టుకుని గొంతుకి ఆశీర్వాదం ఇచ్చారు. పదకొండింటికి ఇంటికొచ్చి, క్రిస్మస్ నాటి పనెత్తోనె కేకు ముక్క దాచి ఉంచిందాన్ని ఇద్దరం పంచుకున్నాం. కేకు చుట్టిన కాగితాన్ని అమ్మ మడిచి చల్లారిన పొయ్యి మీద పెట్టింది. చల్లారిన పొయ్యి అంటే అమ్మకి బల్ల లాంటిదే. మనందరికీ అంతే.

నాబ్ తిరిగింది. నేను చూస్తుండగా తిరిగింది. టిక్కు టిక్కుమని నిప్పురవ్వలు, ఆ వెంటనే మంట. కాగితం అంటుకుంది, పక్కనున్న తుడుపు గుడ్డ అంటుకుంది. రెండూ సింకులో పడేసి నీళ్లు వదిలాను. మణికట్టు కాస్త కాలింది. పెద్ద గాయం కాదు.

అమ్మ అరవలేదు. గోడకి అతుక్కుపోయి నిలబడింది. నాన్న పేరు పెట్టి పొయ్యితో మాట్లాడింది.

"బోర్తోలో, ఇది నువ్వు కాదు."

తర్వాత నా వైపు తిరిగింది. "ఆర్పేది మీ నాన్నే. వెలిగించేది ఎవరే?"

నీకు ఫోను చేస్తే ఏమన్నావో గుర్తుందా? నేను మర్చిపోలేదు. "పొరపాటక్కా. కంపెనీలో పైవాళ్లకి మోటారు చూపిస్తున్నాను. ఇక్కడ బల్ల మీదున్న స్టవ్ అనుకుని అమ్మ స్టవ్ నొక్కాను. ఫోనులో రెండూ ఒకదాని కిందొకటి ఉన్నాయి. పేరు మార్చేస్తాలే." పైవాళ్లకి చెప్పావా అని అడిగాను. "ఇప్పుడేం చెప్పను? ఏప్రిల్లో మిలాన్ ప్రదర్శన. ఇంటికొచ్చేసరికి నీళ్లు కాగి ఉండటమే ఈ మోటారు వాల్వు గొప్ప. దూరాన్నించి వెలిగించడం తీసేస్తే ఇక మిగిలేదేముంది? అయినా ఎవరికీ ఏం కాలేదుగా."

ఎవరికీ ఏం కాలేదు. తమ్ముడూ, ఆ మాట నేను ముప్పైఎనిమిదేళ్లుగా అనుకుంటున్నాను. ఎందుకో ఇవాళ నీకు చెబుతాను. ఫాదర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నాకు పంతొమ్మిదేళ్లు, నీకు ఎనిమిది. అప్పట్లో మన లోయలో ప్రతి వంటింటి బల్లా ఒక చిన్న ఫ్యాక్టరీయే. వాల్వులు ట్రేలలో ఇంటికి వచ్చేవి. ఒక్కో ట్రేలో నలభై. వాల్వు లోపల తిరిగే ఇత్తడి శంకునీ, అది కూర్చునే తొడుగునీ కలిపే నూరుతారు. ఆ శంకు ఆ తొడుగులోనే పడుతుంది. పక్కదానిలో పెడితే తిరుగుతుంది, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ గ్యాసుని ఆపదు. ఫోర్‌మన్ స్కాల్వినీ ట్రే ఇచ్చిన ప్రతిసారీ అనేవాడు, "పెళ్లయిన జంటలమ్మా, ఒకావిడ మొగుణ్ణి ఇంకో ఆవిడకి అంటగట్టకండి." మన పని శంకు తీసి, తుడిచి, గ్రీజు రాసి, దాని తొడుగులోనే మళ్లీ పెట్టడం.

ఆ శనివారం మధ్యాహ్నం గుడిలో పాటల సాధనకి ఆలస్యమవుతోందని తొందరపడ్డాను. మోచెయ్యి తగిలి ట్రే బోర్లా పడింది. నలభై శంకులు, నలభై తొడుగులు నేల మీద. నువ్వు బల్ల కింద ఆడుకుంటున్నావు. చొక్కా ఒళ్లో అన్నీ ఏరి, "అక్కా, ఒక్కటి కూడా పోలేదు!" అని ఎంత గర్వంగా ఇచ్చావో. ఏది దేని జంటో చెప్పగలిగినవాళ్లు లోకంలో లేరు. చేతికి వచ్చింది వచ్చినట్టు పెట్టేశాను. గ్రీజు నిండా రాశాను. అన్నీ మెత్తగా తిరిగాయి. పాటకి వెళ్లాను. సోమవారం నేను లేచేసరికి ట్రే ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది.

పరీక్షలో దొరికిపోతాయిలే అనుకున్నాను. తర్వాత ఆ పరీక్ష బల్ల దగ్గరే ఉద్యోగం అడిగి మరీ చేరాను. అక్కడ తెలిసింది. తాజా గ్రీజు లోపాన్ని దాస్తుంది. పరీక్ష దాటిపోతుంది. రెండేళ్లకో మూడేళ్లకో గ్రీజు ఎండుతుంది, ఎవరి వంటింట్లోనో. అప్పటినించి పేపరులో గ్యాసు పేలిందని కనిపిస్తే ఊరి పేరు చదవకముందే జపమాల చేతికి తీసుకుంటాను. జపమాలలో యాభై పూసల్లో నలభై ఆ నలభై ఇళ్లకి. ఏ ఇళ్లో తెలియదు. దేవుడు క్షమించాడని ఫాదర్ అన్నారు, వెళ్లి స్కాల్వినీకి చెప్పమని కూడా అన్నారు. క్షమాపణ తీసుకున్నాను, చెప్పడం మానేశాను. స్కాల్వినీ పోయాడు. ఇక చెప్పడానికి మనిషి లేడు.

నావి నలభై. నీవి ఎన్ని వేలవుతాయో నీకే తెలుసు. దూరాన ఉన్న చేతికి కళ్లుండవు నాన్నా. పొయ్యి మీద కాగితం ఉందో, పిల్లి ఉందో దానికి తెలియదు. ఆర్పడానికి కళ్లు అక్కర్లేదు. వెలిగించడానికి మనిషి పొయ్యి ముందు నిలబడాలి. నీ మోటారుకి ఆర్పడం ఒక్కటే నేర్పు. జరిగింది పైవాళ్లకి చెప్పు, చెప్పడానికి మనుషులు ఉండగానే.

మీ అక్క,
ఎర్సీలియా

ఇది ముగించి లేచి చూస్తే స్టవ్‌కి నాబ్‌లు లేవు. నాలుగూ పీకి అమ్మ ఎక్కడో దాచింది. అడిగితే చెప్పదు. "పైకి చెబితే ఆ వెలిగించేవాడు వింటాడు" అంటోంది, పొయ్యి వైపు చూస్తూ.


లుమెజ్జానే,
ఫిబ్రవరి 11

నా తుల్లియోకి,

మొన్న నీ ఫోను వచ్చినప్పుడు నేను నేలమాళిగలో ఉన్నాను. "చెప్పేశానక్కా" అన్నావు. ఈ ఏడు ప్రదర్శనకి ఆ వాల్వు వెళ్లదన్నారనీ, నిన్ను ఇంకా ఆ పనిలో ఉంచుతారో లేదో తెలియదనీ అన్నావు. నేను ఊఁ అని పెట్టేశాను. కోపం కాదు. అప్పుడు నా ఒళ్లో ఒక రేకు డబ్బా ఉంది.

నాబ్‌ల కోసం నాలుగు రోజులు వెతికాను. నాలుగు రోజులూ ఎదురింటి ఒల్గా గిన్నెలో పంపిన కూరే తిన్నాం. చివరికి నేలమాళిగలో పొలెంటా సంకటి వండే రాగి బాన వెనక పాత బిస్కెట్ల డబ్బా కనిపించింది. మూత తీస్తే పైన నాలుగు నాబ్‌లు. వాటి కింద పేపరు ముక్క. దాని మీద నాన్న చేతిరాత, పెన్సిలుతో: "కలవనివి. ఎవరికీ ఇవ్వకూడదు." పేపరు కింద వాల్వులు. మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టాను. రెండుసార్లు పెట్టాను. నలభై.

డబ్బా పైకి తెచ్చి అమ్మ ముందు పెట్టాను. పొద్దున్న ఏం తిన్నదో చెప్పలేని అమ్మ, దాన్ని చూడగానే గుర్తుపట్టింది.

"నువ్వు పారబోసినవే."

"నీకు తెలుసా?"

"గుమ్మంలోనే ఉన్నాగా, బట్టలు మడతపెడుతూ. సోమవారం నేనే మోసుకెళ్లాను. నా చెయ్యి జారిందని చెప్పాను. స్కాల్వినీ పడీపడీ నవ్వాడు, మొగుళ్లందరూ మారిపోయారా పల్మీరా, ఇంక వీటికి విడాకులే అని. చెత్త ఇత్తడిలో వేస్తానన్నాడు. మీ నాన్న ఒప్పుకోలేదు. అందులోంచి ఎవడైనా ఏరుకుని అమ్ముకుంటాడేమోనని ఇంటికి తెచ్చి దాచాడు."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

అమ్మ ఒక నాబ్ తీసుకుని ఏప్రన్‌తో తుడిచింది.

"నువ్వే వచ్చి చెబుతావేమోనని చూశాను. ఇవాళ చెబుతుంది, రేపు చెబుతుంది అని. చూసి చూసి, దేని కోసం చూస్తున్నానో మర్చిపోయాను తల్లీ."

తుల్లియో, ఒక్క మాట చాలేది. ఆ మాట కోసం అమ్మ గుమ్మంలో, నేను పరీక్ష బల్ల దగ్గర, ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. ఇక దాచడం నా వల్ల కాలేదు. అక్కడే మోటారు సంగతి చెప్పేశాను. ఫోను తీసి చూపించాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే మీ నాన్న రావట్లేదన్నమాట."

"లేదమ్మా. నేను. ఒక్కోసారి తుల్లియో."

"ఆ రోజు వెలిగించింది?"

"వాడే. పొరపాటున."

"వెధవ," అంది. తర్వాత కళ్లు తుడుచుకుంది. నీ మీద కోపంతో కాదు. నెల రోజులు ఆయన వస్తున్నాడనుకున్న మనిషి. నిజం చెప్పి నాన్నని రెండోసారి చంపానేమో అనిపించింది. కాసేపటికి తనే అంది, "మతి పోతోందని నాకు తెలియదనుకున్నారా? చెప్పి బిగించొచ్చుగా. ఆర్పితే ఆర్పండి. కానీ మీ నాన్న ముందు దగ్గేవాడు. దగ్గకుండా నా పొయ్యి మీద చెయ్యి వెయ్యొద్దని వాడికి చెప్పు."

చెప్పాను.

అక్క


లుమెజ్జానే,
ఏప్రిల్ 20

తమ్ముడికి,

ఈస్టర్‌కి నువ్వు ఆర్పడం ఒక్కటే చేసేలా మార్చి వెళ్లిన మోటారు ఎలా ఉందని అడిగావు. మిలాన్‌లో ప్రదర్శన జరుగుతున్న రోజుల్లో ఇది అడుగుతున్నావు. నీ కంపెనీవాళ్లు ఇంకా ఏమీ తేల్చలేదని ఒల్గా ముందు తేలిగ్గా అన్నావు గాని, నీ కళ్లు నేను చూశాను. నీ ఉద్యోగం కోసం భయపడుతున్నాను. కానీ ఇది వేరే భయం. దీనితో నిద్ర పడుతోంది.

నలభై వాల్వులనీ ఫ్యాక్టరీ కొలిమికి నేనే తీసుకెళ్లాను. కరిగేదాకా నిలబడ్డాను. ఆ నలభై పూసలు మాత్రం చేతికి అలవాటైపోయి ఆగవు. ఇప్పుడవి నీకు.

నిన్న ఆదివారం. పొద్దున్న అమ్మ స్టవ్ ముందు నిలబడి, తన వేళ్లతో నాబ్ నొక్కి తిప్పి, పులుసు పెట్టింది. తర్వాత కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధి చూస్తూ దాన్ని మర్చిపోయింది. పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది, తమ్ముడూ. మాడు వాసన మొదలవగానే నేను బల్ల దగ్గరనించే ఫోను మీద నొక్కాను.

దగ్గుకి బదులుగా నువ్వు పెట్టినట్టే ముందు మూడు చప్పుళ్లు వచ్చాయి. టక్. టక్. టక్.

అమ్మ వెనక్కి తిరగలేదు.

"వింటున్నాలే బోర్తోలో," అంది. "ఆర్పెయ్."

ఆ వెంటనే నా వైపు ఓరగా చూసి, "తెలుసులేవే, నువ్వేనని" అంది. మంట ఆరిపోయింది.

మీ అక్క,
ఎర్సీలియా