మిషన్‌లో పెట్టని కార్డు

ఏమండీ, నేను చేసిన గ్రీటింగ్ కార్డులు ఇచ్చి రావడానికి షాపుకి వెళ్తున్నాను. టేబుల్ మీదున్న వాటికి జిగురు ఆరేదాకా ఫ్యాను వేయకండి. పళ్ళెంలో ఆకుల్లా కత్తిరించిన ముక్కలున్నాయి. మొన్నటిలా చెత్త అనుకుని ఊడ్చేయకండి, అంటించాల్సినవి అవే.

నిన్న నా అట్టల కట్ట మీద కాగితం పెట్టుకుని ఏదో రాశారు. కాగితాలన్నీ చించేశారు గానీ, కలం నొక్కుడు కింది అట్టలో దిగింది. మీ పుణ్యమా అని మంచి అట్ట పాడైందని ముందు ఒళ్ళు మండింది. కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే అక్షరాలు కనిపించాయి. 'అన్నయ్యా' అని ఒకదాని కింద ఒకటి. ఆ తర్వాత ఒక్క మాటా లేదు. మీరు బావగారితో ఇన్నేళ్ళూ మాట్లాడనిది పంతం కొద్దీ అనుకున్నాను. మాట దొరకక అని తెలియలేదు.

ఆ అట్టనే మడిచి కార్డు చేశాను. అంచుకి ఆకులు అంటించాను. పూల అచ్చు కోసం మిషన్‌లో పెడితే మీ అక్షరాలు అణిగిపోతాయని పెట్టలేదు. లోపల ఏమీ రాయకపోయినా పరవాలేదు. బావగారు దర్జీ, ఏదైనా ముందు వేళ్ళతోనే చూస్తారు.

అన్నం మూత పెట్టి ఉంది, తినండి.

కవరు మీద బావగారి అడ్రసు రాశాను. స్టాంపు పక్కనే పెట్టాను, అంటించలేదు. అది మీరే అంటించాలి.